అడవిలో మర్యాద

మర్యాద యనగానే మనకు పేరంటములు, పెండ్లి పందిళ్లు, వియ్యాలవారి రాకపోకలు స్ఫురించును. వచ్చినవారికి పీట వేయుట, కాళ్లకు నీళ్లిచ్చుట, పెద్దలు కూర్చున్న పిమ్మట కూర్చుండుట మన మెఱిగిన మర్యాదలు. నలుగురు చూచుచున్నచోట వీనిని పాటించుట కష్టము కాదు. పాటింపకున్న నలుగురును నవ్వుదురను భయమే మనకు సగము మర్యాదను నేర్పును. చూచువారు లేనిచోట, చేతిలో నాయుధ మున్నపుడు, ఎదుటివాని పేరైన తెలియనపుడు మనుష్యు డెట్లు మెలగునో చూచినగాని వాని మర్యాద యెంతటిదో తెలియదు. ఈ సంగతి నాకు తెలిసినది వేటగాండ్ర గుడారములో.

"వేటగాండ్రకు మర్యాద యేమి? చంపువానికి నీతి యేమి?" యని సోదరీమణులు కొందఱు నవ్వవచ్చును. మా అత్తగారును అట్లే నవ్విరి. ఆమె మాట తరువాత చెప్పెదను.

మావారి యుద్యోగమునుబట్టి మేము తొమ్మిదేండ్లుగా అమెరికాలోని కొలరాడో రాష్ట్రమున, రాకీ పర్వతములకు పడమటి వైపున నొక చిన్న యూరిలో కాపురమున్నాము. తెలుగువారి యిండ్లు మావితో కలిపి మూడు మాత్రమే. అక్టోబరు నెల నడిమికి ఈ యూరి తీరు మారిపోవును. పచారు కొట్టులో నారింజరంగు టోపీలు గుట్టలుగా పోయుదురు. బడిలో పెద్దపిల్లల బల్లలు కొన్ని ఖాళీగా నుండును. మంగలి తన కొట్టు తలుపునకు చీటి యంటించి పోవును. ఊరిలో చాలమంది ఎల్క్ వేటకు కొండలెక్కుదురు.

ఎల్క్ అనగా నేమో ముందు చెప్పవలయును. ఇది జింకల జాతిలో మిక్కిలి పెద్దవానిలో నొకటి. ఐరోపాలో ఎల్క్ అనుపేరు వేఱొక మృగమున కున్నది. దానిని అమెరికావారు మూస్ అందురు. ఇచ్చటికి తొలుత వచ్చిన ఇంగ్లీషువారు ఈ మృగమును చూచి ఆ పేరు దీనికి తగిలించిరి. సింహళములోని తెల్లదొరలు మన కణుజునే ఎల్క్ అనిరి. ఇచ్చటి ఆదివాసులలో షానీ జాతివారి మాటయైన వాపిటి యనునది దీనికి తగిన పేరు. తెల్లని పిఱుదులు గలదని దాని యర్థము. కాశ్మీరములోని హంగుల్ దీనికి దగ్గఱి చుట్టము. పోతు సుమారు 320 కిలోలు, ఆడుది సుమారు 225 కిలోలు తూగును. కొమ్ములు పోతునకే యుండును. అవి యేటేట వసంతమున రాలి మరల మొలచును. సెప్టెంబరులో జతకట్టు కాలము. అప్పుడు పోతు వేయు కూత వినినవారు మఱువలేరు. అంత పెద్ద గొంతునుండి పిల్లనగ్రోవి వంటి సన్నని యీల వచ్చునని యెవరనుకొందురు?

దీని నోటిలో పై దవడయందు రెండే రెండు దంతపు పండ్లుండును. క్రో యను ఆదివాసి జాతి స్త్రీలు ఆ పండ్లను వందలకొలది కుట్టిన దుస్తులను పండుగలకు ధరించెడివారు. మృగమునకు రెండు చొప్పున నిన్ని వందలు కూర్చుటకు ఎన్నేండ్ల వేట కావలయునో లెక్కింపుడు. మన కాసులపేరు వలె ఆ దుస్తు ఆ యింటివారి స్థితిని చెప్పెడిది.

పందొమ్మిదవ శతాబ్దములో మాంసమునకును చర్మమునకును వ్యాపారులు విచ్చలవిడిగా చంపగా ఈ జాతి అంతరించు స్థితికి వచ్చెను. 1913, 1914 సంవత్సరములలో ఎల్లోస్టోన్ ప్రాంతమునుండి 49 మృగములను తెచ్చి కొలరాడోలోని ఎస్టెస్ పార్కు దగ్గఱ విడిచిరి. అట్టి ప్రయత్నములవలనను, కఠినమైన చట్టములవలనను నేడు ఈ రాష్ట్రములో సుమారు 2,80,000 ఎల్క్ మృగములు గలవు. అమెరికాలోని మఱి యే రాష్ట్రములోను ఇన్ని లేవు. తుపాకులమీదను గుండ్లమీదను పన్ను వేసి ఆ ధనమును వన్యమృగముల రక్షణకు వినియోగింపవలెనని 1937లో చట్టము చేసిరి. చంపువాడే పెంచుటకు సొమ్ము చెల్లించుట వింతగా తోచును గాని యిచ్చటి యేర్పాటు అదియే.

మనదేశములో మాట వేఱు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము మనకు వేట నేరము. అది మనకు తగినదే. కణుజులు నల్లమలలో తిరుగుచున్నవన్న ఆ నిషేధము కారణము. నా వ్రాత చదివి ఏ సోదరుడును తుపాకి వెదకరాదని ముందే మనవి చేయుచున్నాను.

ఇక మా యింటి సంగతి. గతవత్సరము మా అమ్మాయికి పండ్రెండేండ్లు నిండినవి. ఇచ్చట పెద్దమృగముల వేటకు పండ్రెండేండ్లు నిండినవా రర్హులు. 1949 జనవరి 1వ తేదీన గాని అటుపిమ్మట గాని పుట్టినవారు వేట జాగ్రత్తలు నేర్పు తరగతిలో చదివి పరీక్షలో నెగ్గినగాని లైసెన్సు పొందరాదు. పదునాఱేండ్లు నిండని పిల్లలు పెద్దవారి కనుచూపులో, మాట వినబడు దూరములో నుండియే వేటాడవలయును. అమ్మాయి స్నేహితురాండ్రు ముగ్గురు ఆ తరగతిలో చేరిరి. ఇదియు చేరుదు ననెను.

మావారు వార్తాపత్రికనుండి తలయెత్తక "మీ యమ్మ నడుగు" మనిరి. రాజమహేంద్రవరమునుండి మా అత్తగారు టెలిఫోనులో, "ఆడపిల్ల చేతికి తుపాకియా? మన వంశములో చీమకు కూడ చక్కెర పోసిన వారున్నారు కాని చీమను నలిపినవారు లేరు. ఆ దేశములో తుపాకి వార్తలు రోజును వినుచునే యున్నాము. అమ్మాయీ, నీకు బుద్ధి యుండవలె" ననిరి. ఆమె భయము నాకును గలదు. మేము శాకాహారులము కాము. అంగడిలో కొన్న కోడిని తినుచు చంపుట పాపమని పిల్లకు చెప్పుటకు నాకు నోరు రాలేదు. పాపపుణ్యములకంటె నన్ను బాధించినది వేఱు. నూర్లకొలది తుపాకులు తిరుగు అడవిలోనికి కన్నబిడ్డ నెట్లు పంపుదును?

మా పొరుగింట డెబ్బదేండ్లు దాటిన యొక వృద్ధురా లున్నది. భర్త గతించెను. నలుబదేండ్లకు పైగా వేటాడుచున్నది. నా సందేహము విని ఆమె, "నేను చెప్పుటకంటె నీవు వచ్చి చూచుట మేలు. మా గుడారములో వంటచేయువారు ఎప్పుడును తక్కువే" యనెను. మావారిని, అమ్మాయిని ఇంటివద్ద నుంచి నేను ఆమెతోను, ఆమె కూతురు అల్లునితోను అక్టోబరు వేట మొదటి విడుతకు కొండ మీదికి పోతిని. ఆ విడుత అయిదు దినములు.

తొమ్మిదివేల అడుగుల యెత్తున గుడారము. ఇనుప పొయ్యి, కట్టెలు, వెలుపల మంచు. అంత యెత్తున నీరు 90 డిగ్రీల దగ్గఱనే మరగును గావున కందిపప్పు ఎంత యుడికించినను పలుకుగానే యుండును. ప్రెషర్ కుక్కరు తీసికొని పోవుట నాకు తట్టిన మంచి యాలోచన. వారు నా పులిహోరను ఇష్టముగా తినిరి. ఆవకాయ జోలికి మాత్రము అల్లుడొక్కడే పోయెను.

వేటకాలములో తుపాకివాడువారెల్లరును 500 చదరపు అంగుళములకు తక్కువ గాకుండ కన్నులు మిఱుమిట్లు గొల్పు నారింజరంగు దుస్తు పైన ధరింపవలయును. తలమీదను ఆ రంగే యుండవలయును. 2016 నుండి గులాబీరంగును కూడ ఒప్పుకొనిరి. జింకజాతి కన్నులకు నారింజరంగు మనకు వలె కొట్టవచ్చినట్లు కనబడదు. మృగమునకు కనబడక మనుష్యునకు కనబడు రంగు గనుక దానిని నిర్ణయించిరి. తుపాకి లేని నాకును ఆమె ఒక నారింజ టోపీ యిచ్చి, "గరిటె పట్టినను ఇది తీయరాదు" అనెను.

మొదటిదినము తెల్లవారక ముందే బండిలో నొక కాలిబాట మొదలుకొను చోటికి పోతిమి. ఆ బాట చివర నొక పచ్చికబయలు గలదు. ఇరువదేండ్లుగా ఆమె మొదటిదినము అక్కడ కూర్చుండునట. మేము చేరునప్పటికి చీకటిలో రెండు బండ్లు నిలిచియుండెను. ఆమె మాటలాడక మా బండిని వెనుకకు త్రిప్పెను. అల్లుడు గొణిగెను. "ముందు వచ్చినవారిది" అని యామె యొక్కమాట యనెను. ఆ యడవి ప్రభుత్వమువారిది, అనగా అందఱిదియు. ఎవని పేరును ఏ చెట్టుకును వ్రాయలేదు. నాకు మా చిన్ననాటి వీధికుళాయి జ్ఞప్తికి వచ్చినది. బిందెలు వరుసగా పెట్టి ఎవరి పనికి వారు పోయెడివారము. బిందె లేనివారు ఒక రాయి పెట్టి పోయినను ఆ రాయికి వంతు నిలిచెడిది. రాతిని ప్రక్కకు నెట్టిన యిల్లాలి పేరు ఆ వీధిలో నేటికిని చెప్పుకొందురు. కుళాయికడ చూచువారుండిరి, ఇచ్చట చీకటి తప్ప సాక్షి లేదు.

వేఱొకచోటికి పోయి బండి దిగగా, చెట్లలో చిన్న దీపము కదలెను. ఆమె తన దీపమును మూడుమార్లు ఊపెను. ఆ దీపమువాడు దిగివచ్చెను. ముక్కుమొగ మెఱుగనివాడు. ఇద్దఱును నేలపై పటము పఱచి, "మీరెటు? మేమిటు, మధ్యాహ్నము వఱకు ఆ గట్టు దాటము" అని చెప్పుకొనిరి. కాల్చిన గుండు మృగమును తప్పినచో ఎంత దూరమో పోవును. దాని వెనుక నేమున్నదో తెలియక కాల్చరాదు. కావున ఎవ రెక్కడ నున్నారో చెప్పుకొనుట వారికి కుశలప్రశ్న వంటిది.

అందఱు నిట్టివారే యనను. రెండవదినము తెల్లవారుజామున మేము కూర్చున్నచోటికి ఎదురుగా నలుగురు బిగ్గఱగా మాటలాడుచు, తెలిసియే, బయలు నడుమనుండి నడచిపోయిరి. మృగములు చెదరిపోయెను. వారిలో నొకడు మమ్ము చూచుటకు తుపాకిపై నమర్చిన దుర్భిణిని మావైపు త్రిప్పెను. అప్పటివఱకు చిఱునవ్వుతో నున్న వృద్ధురాలి మొగము రాయి యయ్యెను. తుపాకిమీది దుర్భిణితో మనిషిని చూచుటయనగా తుపాకిని మనిషికి గుఱిపెట్టుటయే గదా! చూచుటకు చేతి దుర్భిణి వేఱుగా నుంచుకొనవలయును. ఆమె లేచి నిలువబడి తన టోపీని తీసి గాలిలో నూపెను. వాడు తుపాకి దించెను. ఆ సాయంకాలము వారి గుడారమునకు తానే పోయి, తిట్టక, అఱవక, ఆ సంగతి చెప్పి వచ్చినది. వా రేమనిరని యడిగితిని. "ఒకడు సిగ్గుపడెను. నలుగురిలో నొకడు చాలును" అనెను.

చప్పుడు విని కాల్చరాదు; కదలిక చూచి కాల్చరాదు; మృగము పూర్తిగా కనబడి, అది యేదో, ఆడుదో పోతో నిశ్చయముగా తెలిసినగాని తుపాకి మీటపై వ్రేలు పెట్టరాదు. ఇది వారి మొదటి పాఠము. ఇది విన్నపుడు నాకు మన దశరథమహారాజు గుర్తునకు వచ్చెను. శబ్దవేధి నెఱుగుదునను గర్వముతో చీకటిలో కడవ నిండు చప్పుడునకు బాణము వేసి, అంధులైన తలిదండ్రుల ఒక్కగానొక్క కొడుకును చంపెను. రామాయణమంతయు ఆ యొక్క బాణమునుండి పుట్టినదన్నను తప్పు లేదు. శ్రీకృష్ణుని పాదమును లేడియనుకొని కొట్టిన బోయవాని కథయు మన మెఱిగినదే. మన పెద్దలు ఈ పాఠమును కథలలో చెప్పిరి. వీరు పిల్లలకు పరీక్ష పెట్టి చెప్పించుచున్నారు.

దుష్యంతుని కథ కూడ నాకు పనికివచ్చినది. తఱుముచున్న లేడి ఆశ్రమములోనిదని మునులు చెప్పగానే రాజైయుండియు నతడు బాణము దించెను. ఇచ్చట ప్రభుత్వపు టడవి ప్రక్కనే పశువుల కాపులవారి సొంత భూములుండును. మృగము కంచె దాటినచో వేటగాడు ఆగవలసినదే. దెబ్బతిన్న మృగము దాటినను భూమి యజమాని తలుపు తట్టి యనుమతి పొందక లోనికి పోరాదు. దారిలోని కంచెతలుపు మూసియుండిన మూయవలయును. తెఱచియుండిన తెఱచియే యుంచవలయును. ఏల యని యడుగ నక్కఱలేదు. ఆ తలుపు వెనుక ఎవరి పశువులు ఏ నీటికి పోవలయునో వారికే తెలియును.

మూడవదినము మధ్యాహ్నము జరిగినదానిని కొంచెము విపులముగా చెప్పెదను.

అల్లుడు గట్టుమీద నుండగా ఒక పోతు కుంటుచు వచ్చెను. వెనుకకాలినుండి నెత్తురు కారుచుండెను. వెంట నెవరైన వచ్చుచున్నారా యని అతడు కొంతసేపు చూచెను. ఎవరును కనబడలేదు. అది పొదలలోనికి పోయి బాధపడి చచ్చునని తలచి యొక్క గుండుతో పడగొట్టెను. అరగంటకు నెత్తుటి జాడ పట్టుకొని రొప్పుచు నొక యువకుడు వచ్చెను. అతడు దూరపు రాష్ట్రమువాడు. ఈ విడుతకు చీట్లు వేసి పేర్లు తీయుదురు. నాలుగేండ్లు పేరు రాక అయిదవయేట వచ్చినదట. "ముందు కొట్టినది నేను" అని యతడును, "పడగొట్టినది నేను" అని యితడును. కిరాతుడును అర్జునుడును ఒక్క పందిని కొట్టి తగవులాడిన కథ నాకు కన్నులయెదుట కనబడెను. ఆ కథలో కిరాతుడు శివుడు గనుక సుఖముగా ముగిసినది. ఇచ్చట ఇద్దఱును మనుష్యులే. ఇద్దఱి చేతులలోను తుపాకులు.

అల్లుడు చేతిరేడియోలో పిలువగా వృద్ధురాలు పోయెను. వెంట నేనును పోతిని. ఆమె మొదట మృగమును చూడలేదు. "మీ తుపాకులు ఖాళీ చేసి ఆ చెట్టుకడ పెట్టి రండు. పిదప మాటలాడుదము" అనెను. ఇద్దఱును అట్లే చేసిరి. తెచ్చిన కాఫీ ఇద్దఱికిని పోసెను. ఒకరు చెప్పుచుండగా రెండవవారు నడుమ మాటలాడరాదని నియమము పెట్టి ఇద్దఱి మాటలును తుదవఱకు వినెను. తరువాత గాయములు చూచెను. మొదటి గుండు వెనుకకాలి కండలో తగిలినది. రెండవది రొమ్ములో.

యువకుడు గాయములను తానే చూచి చాలసేపు ఊరకుండెను. తుదకు, "నా గుండు తప్పినది. మీరు కొట్టకున్న నిది రాత్రియంతయు బాధపడెడిది" అనెను. చంపినవాడు తన అనుమతిచీటినే మృగమునకు కట్టవలయును. ఒకని చీటిని ఇంకొకడు చంపినదానికి కట్టుట ఇచ్చటి చట్టమున నేరము. కావున అల్లుని చీటియే కట్టిరి. న్యాయమంతటితో తీరెను. మర్యాద తీరలేదు. అల్లుడు మాంసములో సగము అతనికిచ్చుటకు తానుగా నొప్పుకొని దానపత్రము వ్రాసి యిచ్చెను. పత్రము లేక ఇతరుని మాంసమును కొనిపోరాదు. అప్పుడు వృద్ధురాలు, "నీ చీటి యింకను ఖాళీగానే యున్నది గదా! మొదటిదినము మాకు దొరకని పచ్చికబయలు రేపు ఖాళీ. తెల్లవారుజామున అక్కడ నీవు కూర్చుండుము. మేము రాము" అనెను.

అల్లుడు తలవంచుకొనెను. కారణము నాకు తెలియును. ఆమె చీటియు ఖాళీగానే యున్నది. మోకాళ్ల నొప్పులచేత మఱుసటియేడు కొండ యెక్కగలనో లేదో యని ఆమె ముందునాటి రాత్రియే నాతో ననెను.

ఇచ్చట మాంసము వదలిపోవుట నేరము. నాలుగు కాళ్ల మాంసమును, వీపునకు ఇరుప్రక్కల నుండు కండలును, లోపలి మెత్తని కండలును తప్పక తీసికొనవలయును. కొమ్ములు మాత్రము కోసికొని కళేబరమును విడిచిపోవుట ఇంకను ఘోరమైన నేరము. ఆ బరువంతయు వీపులమీద మోయవలసినదే. చీకటిపడువఱకు యువకుడును మోసెను. ఎదురైన యపరిచితు డొకడు అడుగకయే ఒక తొడ తన భుజమున వేసికొని బండివఱకు దించి, పేరు చెప్పక పోయెను. పేగులను బాటనుండి దూరముగా లాగి వేసిరి. గుఱ్ఱములమీద వచ్చువారును, నడచుటకు వచ్చు కుటుంబములును ఆ బాటనే పోవుదురు. వారి కది యేవగింపు కాకూడదు గదా!

నాలుగవదినము ప్రొద్దున గుడారములో పొయ్యి రాజేయుచు నేను చెవియొగ్గి యుంటిని. పచ్చికబయలునుండి తుపాకి చప్పుడు రాలేదు. పగలు పది గంటలకు యువకుడు వచ్చెను. ఏమైనదని యడిగితిమి. "తొమ్మిది వచ్చినవి. అన్నియు ఆడువే. నా చీటి పోతునకు" అని చెప్పి నా ఉప్మా రెండుమార్లు వడ్డించుకొనెను. అంత దూరమునుండి వచ్చి, అయిదేండ్లు కాచుకొని, చూచువారు లేనిచోట తుపాకి యెత్తక వచ్చిన ఆ పిల్లవానిని చూచి నాకు వాని తల్లి జ్ఞప్తికి వచ్చెను. ఆమె నేనెన్నడును చూడనిది. ఆమె కొడుకు నెట్లు పెంచినదో నాకు తెలిసినది.

ఇంటికి వచ్చి అత్తగారికి అంతయు చెప్పితిని. ఆమె మధ్యమధ్య "అయ్యో పాపము" అనుచు వినిరి. ఆ పాపము మృగమునకో మనుష్యులకో నే నడుగలేదు. తుదకు, "ఆ ముసలామెకు మృగము దొరికినదా?" అని యడిగిరి.

"లేదు, అత్తయ్యగారూ."

"అయినను చోటు విడిచియిచ్చినది?"

"ఇచ్చినది."

కొంతసేపు టెలిఫోనులో నిశ్శబ్దము. "చంపుట నా కిష్టము లేదు. ఎన్నడును ఉండదు. పిల్లను మాత్రము ఆమె వెంట పంపుము. తుపాకి సంగతి తరువాత చూతము" అనిరి.

అమ్మాయి ఆ శీతకాలములో తరగతి చదివి పరీక్ష నెగ్గినది. ఈ యేడు గులాబీ టోపీ పెట్టుకొని, తుపాకి లేక, వృద్ధురాలి సంచి మోయుటకు పోవును. ఆ పైయేట నేమి చేయుదుమో ఇంకను నిర్ణయింపలేదు. చంపుట మంచిదా కాదా యను ప్రశ్నకు నాకు సమాధానము దొరకలేదు. ఈ రాష్ట్రపు ప్రజలు 2020లో ఓట్లువేసి తోడేళ్లను మరల తేవలెనని నిర్ణయింపగా, 2023 డిసెంబరులో పదింటిని కొండలలో విడిచిరి. ఎల్క్ మృగములను చంపు పని తోడేలుదా, మనుష్యునిదా యని యిచ్చట వాదములు జరుగుచునే యున్నవి. అవి తీరునంతవఱకు తుపాకి పట్టువారు ఎట్లు పట్టవలయునో పిల్లకు తెలిసియుండుట మేలని తోచినది.

సోదరీమణులారా! మనలో ననేకులు అడవిని చూడము, తుపాకి ముట్టము. అయినను చప్పుడునకు బాణము వేయు దుర్గుణము మన యిండ్లలో లేదా? గోడ యవతలనుండి సగము మాట విని పొరుగింటి కోడలిపై ఎన్ని బాణములు వేయలేదు? చూచు నెపమున గుఱిపెట్టువారు పేరంటములలో లేరా? తగవు వచ్చినపుడు మొదట చేతిలోని యాయుధమును ప్రక్కన పెట్టి, ఒకరు చెప్పుచుండగా రెండవవారు విన్నయెడల ఎన్ని యుమ్మడి కాపురములు నిలిచియుండెడివి! ఇవియన్నియు కొండమీది వేటగాండ్రు చేయుచుండగా, పప్పు తాలింపు పెట్టుకొనువారము మనము చేయలేమా? పిల్లలకు నేర్పుటకు వేఱే తరగతి యక్కఱలేదు. కుళాయికడ రాతికి వంతు విడిచియిచ్చిన తల్లిని చూచిన పిల్లకు అడవిలోని మర్యాద సగము వచ్చినట్లే.